పాత స్టూడియో ఫోటోల్లో అందరూ ఒకేలా ఎందుకుంటారు? ఆ గాజు గది సంగతులు

మీరు ఒక ప్రశ్న అనుకుని అడిగారు గానీ అందులో మూడున్నాయి. 1840ల నుంచి 1890ల దాకా తీసిన స్టూడియో ఫోటోలు ఏ దేశానివి తీసుకున్నా అదే స్తంభం, అదే కర్టెన్, అదే కుర్చీ ఎందుకుంటాయి, ఒక్కరూ ఎందుకు నవ్వరు, కొన్ని ఫోటోల్లో పాదాల వెనక కనిపించే ఇనుప స్టాండు శవాన్ని నిలబెట్టడానికి పెట్టిందేనా అని. మూడింటికీ జవాబు ఒకే చోట దొరుకుతుంది, ఆ ఫోటో తీసిన గదిలో. నా పనే ఈ పాత కార్డులు, గాజు ప్లేట్లు చూసి కేటలాగ్ చేయడం, ఆ అనుభవంతో చెప్తున్నా, కెమెరాల గురించి ఎంత చదివినా ఆ గది ఎలా ఉండేదో, అందులోకి జనం ఎలా వచ్చేవాళ్ళో తెలీకపోతే ఈ ఫోటోలు సగమే అర్థమవుతాయి. సమాధానం కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు శవాల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇంటర్నెట్లో అన్నిటికంటే ఎక్కువ తిరిగే తప్పు ఇదే. ఆ స్టాండుకి కింద బరువైన పోత ఇనుము దిమ్మ, దాని మీద పైకీ కిందికీ జరుపుకునే ఒక సన్నటి కడ్డీ, చివర తల వెనక భాగానికి ఆనేలా రెండు కొమ్ముల చిన్న పట్టు ఉంటుంది. కొన్నిట్లో నడుముకి ఇంకో పట్టు కూడా ఉంటుంది. అంతే. అది బరువు మోసేది కాదు, తల అటూ ఇటూ ఊగకుండా జస్ట్ ఆనించుకోడానికి పెట్టేది. ప్రాణం లేని మనిషి మోకాళ్ళు నిలవవు కదా, ఆ కడ్డీకి కడితే మనిషితో పాటు స్టాండూ పడుతుంది. చనిపోయినవాళ్ళని ఫోటో తీయడం ఆ రోజుల్లో ఉండేది, అది నిజమే, కానీ మంచం మీదో సోఫా మీదో శవపేటికలోనో పడుకోబెట్టి తీసేవాళ్ళు, పసిబిడ్డలైతే తల్లి ఒళ్ళో పెట్టుకునేది. బతికున్నట్టు నిలబెట్టి తీయడం వాళ్ళ పద్ధతి కాదు. కాబట్టి నిలబడ్డ మనిషి పాదాల వెనక ఆ ఇనుప దిమ్మ కనిపిస్తే అది బతికున్న మనిషి ఫోటో అని ధైర్యంగా చెప్పొచ్చు, బతికున్నవాళ్ళే కదా కదిలేది.

కదిలితే ఫోటో చెదిరిపోతుంది. 1839లో ఫ్రాన్స్‌లో డాగెర్ తన పద్ధతి (వెండి పూత వేసిన రాగి రేకు మీద ఫోటో, దాన్నే డాగెరోటైప్ అంటారు) బయటపెట్టినప్పుడు మంచి ఎండలో కూడా ఎక్స్‌పోజర్, అంటే ప్లేటు మీద వెలుతురు పడనిచ్చే టైమ్, నిమిషాల్లో ఉండేది. భవనాలకి అది పర్లేదు, మొహాలకి కుదరదు. 1840లో పెట్జ్‌వల్ డిజైన్ చేసిన పోర్ట్రెయిట్ లెన్స్ వచ్చింది, వెలుతురుని అంతకుముందు లెన్సుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ లాగేది. అదే టైమ్‌లో ప్లేటుకి అయోడిన్‌తో పాటు బ్రోమిన్ ఆవిరి కూడా పట్టించడం నేర్చుకున్నారు. ఈ రెండూ కలిసేసరికి నిమిషాలు సెకన్లకి దిగాయి, అప్పుడే మొహాలు తీయడం ఒక వ్యాపారం అయింది. ఆ పెట్జ్‌వల్ లెన్స్‌కి ఒక లక్షణం ఉంది, మధ్యలో చాలా షార్ప్‌గా ఉండి అంచులకి వెళ్ళేకొద్దీ మెత్తబడిపోతుంది. అందుకే పాత పోర్ట్రెయిట్లలో కళ్ళు సూటిగా గుచ్చుకున్నట్టుంటాయి, చేతులూ బట్టల అంచులూ కరిగిపోయినట్టుంటాయి. చాలామంది దాన్ని ఆర్ట్ అనుకుంటారు, మొదట అది లెన్స్ చేసిన పనే.

సెకన్లంటే పావుకో అరకో కాదు, వాతావరణాన్ని బట్టి పదో ఇరవయ్యో ముప్పయ్యో. అంత వెలుతురు మామూలు గదిలో ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే స్టూడియోలు మేడ ఎక్కాయి. న్యూయార్క్‌లో వోల్కాట్ 1840లో మొదలుపెట్టింది గానీ, లండన్‌లో రిచర్డ్ బియర్డ్ 1841 మార్చిలో రాయల్ పాలిటెక్నిక్ ఇన్‌స్టిట్యూషన్ కప్పు మీద తెరిచింది గానీ, ముందు చూసుకున్నది ఎండనే. బియర్డ్ స్టూడియోలో ఎత్తైన వేదిక మీద కుర్చీ, సూర్యుడు కదిలే కొద్దీ ఆ వైపుకి తిప్పుకునే ఏర్పాటు, పైన నీలం గాజు కప్పు. ఆ నీలం గాజు అందం కోసం పెట్టింది కాదు. ఆ ప్లేట్లకి నీలం, ఊదా వెలుతురు మాత్రమే తెలుస్తుంది, ఎరుపూ పసుపూ వాటికి చీకటి కింద లెక్క. కాబట్టి నీలం గాజు పెడితే ఎక్స్‌పోజర్ పెద్దగా పెరగదు, కూర్చున్నవాళ్ళ కళ్ళలో మాత్రం ఎండ గుచ్చుకోవడం తగ్గుతుంది. కనురెప్పలు ముడుచుకోకుండా చూడగలుగుతారు. ఇంత తెలివైన ఏర్పాటు అంత తొందరగా కనిపెట్టారంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అక్కడ కూర్చున్నవాళ్ళకి అది ఎలా అనిపించిందో కూడా మనకి తెలుసు. 1841 మే నెలలో మరియా ఎడ్జ్‌వర్త్ అనే రచయిత్రి అక్కడికి వెళ్ళి ఫోటో దిగి ఇంట్లోవాళ్ళకి ఉత్తరం రాసింది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి, మెట్లెక్కించి మెట్లు దింపి తీసుకెళ్ళారని, పక్క గదుల్లో మనుషులు గుసగుసలాడుకోవడం వినిపిస్తుంది గానీ కనిపించరని, గాజు గోపురం కింద ఆ నీలం వెలుతురులో అందరూ దెయ్యాల్లా కనిపించారని, నల్ల బట్టల మనుషులు చప్పుడు లేకుండా తిరుగుతున్నారని. అప్పటికి ఆవిడ వయసు డెబ్భై దాటింది, లోకం చూసిన మనిషి, ఆవిడకే ఆ చోటు అంత వింతగా అనిపించింది. పాత ఫోటోలో మొహం బిగుసుకుపోయి ఉంటే ముందు నేను ఆ గదినే తల్చుకుంటాను. జీవితంలో మొదటిసారి అలాంటి చోట కూర్చున్నారు, తల వెనక చల్లటి ఇనుము, పైన నీలం వెలుతురు, ఎదురుగా తమ వైపే చూసే ఒక గాజు కన్ను, కదలొద్దని చెప్పే ఒక కొత్త మనిషి.

ప్లేటుకి ఎరుపూ పసుపూ కనపడవన్నాను కదా, దాని ఎఫెక్ట్ మొహాల మీదా బట్టల మీదా చాలా ఉంది. లేత నీలం కళ్ళు తెల్లగా పాలిపోయి గాజు గోళీల్లా వస్తాయి. మొహం మీద గోధుమరంగు మచ్చలుంటే నల్లటి చుక్కలవుతాయి. ఎర్రబడ్డ బుగ్గ నల్లబడుతుంది. పసుపు రంగు డ్రెస్ నల్లగా, ఆకాశనీలం డ్రెస్ తెల్లగా వస్తుంది. అందుకే స్టూడియోలు వచ్చేవాళ్ళకి ముందే చెప్పేవి, తెలుపు వద్దు, లేత నీలం వద్దు, ముదురు రంగు పట్టు బట్టలైతే బాగా వస్తాయి అని. పాత ఫోటోల్లో అందరూ నల్లబట్టల్లో సంతాపంలో ఉన్నట్టు అనిపించడానికి ఇదొక పెద్ద కారణం. వాటిలో చాలా బట్టలు అసలు నల్లవి కావు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ వెట్ కొలోడియన్ పద్ధతి ప్రకటించాడు, అప్పటినుంచి గది ప్లానే మారిపోయింది. గాజు ప్లేటు మీద కొలోడియన్ అనే జిగట ద్రావణం పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, తీసి, వెంటనే డెవలప్ చేసేయాలి. మహా అయితే పది పదిహేను నిమిషాల టైమ్, ఎండాకాలం ఇంకా తక్కువ. అంటే గాజు గది పక్కనే డార్క్‌రూమ్ ఉండి తీరాలి. ఆపరేటర్ అక్కడ ప్లేటు రెడీ చేస్తుంటే ఇక్కడ పోజు పెట్టేవాడు మనిషిని కూర్చోబెట్టి, చేతులు సర్ది, కడ్డీ తలకి ఆనించి రెడీగా ఉంచాలి. ప్లేటు చేతికి అందాక కస్టమర్‌కి తీరిగ్గా ఆలోచించుకునే టైమ్ ఉండదు. అందుకే పోజులు ముందే తయారై ఉండేవి. కుర్చీ వీపు మీద చెయ్యి, టేబుల్ మీద పుస్తకం, మోచేయి స్తంభానికి ఆనించడం, ఇవన్నీ గంభీరంగా కనిపించడానికి ఎంత పనికొస్తాయో చేతులు కదలకుండా పట్టుకోడానికి అంతే పనికొస్తాయి. ఊరికే వేలాడే చెయ్యి వణుకుతుంది, దేనికైనా ఆనిస్తే వణకదు. మీరు చూసిన స్తంభానికి మొదటి సంజాయిషీ ఇదే.

రెండో సంజాయిషీ ఆయిల్ పెయింటింగుల్లో ఉంది. రాజులూ దొరలూ వందల ఏళ్ళుగా స్తంభం పక్కన, జారిన తెర కింద, కిటికీలోంచి తోట కనిపించేలా నిలబడి బొమ్మలు వేయించుకున్నారు. అంటే గొప్పవాళ్ళ బొమ్మ ఎలా ఉండాలనేది జనం మనసులో అప్పటికే పాతుకుపోయి ఉంది. స్టూడియో ఆ సెట్టింగ్ మొత్తం చెక్కతో, కాగితం గుజ్జుతో, రంగు వేసిన గుడ్డతో చేసి మేడ మీద పెట్టింది. ఇల్లు ఎలాంటిదైనా సరే, ఆ గదిలో ఉన్న పావుగంట అందరూ ఒకే భవనంలో ఉన్నట్టే. దాన్ని బూటకం అని కొట్టిపారేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. తరతరాలుగా బొమ్మ అనేదే దక్కని వాళ్ళు మొదటిసారి తమ బొమ్మ చూసుకుంటున్నారు, గొప్పవాళ్ళు ఏ స్తంభం పక్కన నిలబడ్డారో తామూ అక్కడే నిలబడాలనుకోవడంలో తప్పేముంది?

ఇక అసలు ఊపు 1854లో పారిస్‌లో దిస్‌దేరి అనే ఫోటోగ్రాఫర్ పేటెంట్ తీసుకున్న చిన్న కార్డులతో వచ్చింది, వాటినే కార్ట్ డి విజిట్ అంటారు. నాలుగు లెన్సుల కెమెరాతో ఒకే ప్లేటు మీద మామూలుగా ఎనిమిది ఫోటోలు తీసి, ఒకేసారి ప్రింట్ వేసి, కత్తిరించి, సుమారు 64×100 మిల్లీమీటర్ల అట్టల మీద అంటించేవాళ్ళు. డాగెరోటైప్ ఒక్కటే పీస్, కాపీ ఉండదు, దీనికైతే డజన్లకొద్దీ తీయించుకుని పంచుకోవచ్చు. 1860లో మేయాల్ అనే ఫోటోగ్రాఫర్ విక్టోరియా రాణి కుటుంబం కార్డులు అమ్మకానికి పెట్టాక అందరికీ ఆల్బమ్ పిచ్చి పట్టుకుంది. ఒకే ఆల్బమ్‌లో మొదటి పేజీలో రాణి, తర్వాత నటులు, పాదరీలు, ఆ తర్వాత మన అత్తా మామా, అందరూ ఒకే సైజులో, ఒకేలాంటి కుర్చీ పక్కన. రాణి ఫోటో సైజూ గుమాస్తా ఫోటో సైజూ ఒకటవడం అంతకుముందు ఎప్పుడైనా జరిగిందా?

దిస్‌దేరి స్టూడియోవి కత్తిరించని షీట్లు కొన్ని మ్యూజియాల్లో మిగిలి ఉన్నాయి, అవకాశం ఉంటే ఆన్‌లైన్‌లో అయినా తప్పకుండా చూడండి. కార్డు చూస్తే ఒక్క పోజే కనిపిస్తుంది, షీట్ చూస్తే మొత్తం సిట్టింగ్ కనిపిస్తుంది. అదే మనిషి ఒక ఫ్రేములో టోపీ పట్టుకుని, ఇంకో ఫ్రేములో అదే టోపీ టేబుల్ మీద పెట్టి, తర్వాత కుర్చీలో కూర్చుని, మళ్ళీ లేచి పక్కకి తిరిగి. కార్డుగా కత్తిరించాక అంత గంభీరంగా కనిపించే మనిషి షీట్ మీద ఒక పాత్ర తర్వాత ఇంకో పాత్ర వేసి చూస్తున్నాడని తెలిసిపోతుంది.

ఒక మామూలు కార్డుని దగ్గరగా ఎలా చూడాలో చెప్తాను, లెన్స్ పెట్టుకుని చూస్తే ఎక్కువగా ఇవే కనిపిస్తాయి. 1860ల నాటి కార్డు, ఒకావిడ నిలబడి ఉంటుంది, కుడిచెయ్యి కుర్చీ వీపు మీద. కుర్చీ వీపు అంచుకి కుచ్చులు వేలాడుతుంటాయి, ఆ కుచ్చులు కొంచెం అరిగి ఉంటాయి, వందలమంది చేతులు అక్కడే ఆనాయి కదా. వెనక తెర మీద గీసిన రాతి పిట్టగోడ, దాని మీద పూలకుండీ, అవతల సరస్సు. తెర నేలని తాకే చోట చూడండి, రాతి మెట్టు గీసి ఉంటుంది గానీ దాని ముందు పూల కార్పెట్ ఉంటుంది, రెండూ అతకవు, మధ్యలో గుడ్డ ముడత ఒకటి సన్నగా నీడ పడి కనిపిస్తుంది. గీసిన ఆకాశం మీద ఆవిడ నీడ పడి ఉంటుంది. గౌను అంచు దగ్గర ఇనుప దిమ్మ గుండ్రటి అంచు కొద్దిగా బయటికొచ్చి ఉంటుంది. మొహం మీద పెన్సిల్‌తోనో బ్రష్‌తోనో చేసిన చిన్న చిన్న సవరణలుంటాయి, కనుబొమ్మ కొంచెం గట్టిపరిచి, కంటి కింద నీడ కొంచెం చెరిపి. ఇంత చిన్న కార్డులో ఫోటోగ్రాఫర్, తెర గీసినవాడు, రీటచ్ చేసిన మనిషి, ఆవిడ, నలుగురి పని కనిపిస్తుంది. ఆ తెర, కార్పెట్ కలవని చోటు చూసి నవ్వుకునేవాళ్ళున్నారు, నాకైతే కార్డులో అన్నిటికంటే విలువైన చోటు అదే, గది నిజంగా బయటపడేది అక్కడే.

ఈ తెరలు ప్రతి స్టూడియోవాడూ సొంతంగా గీసుకున్నవి కాదు. న్యూయార్క్‌లో లఫాయెట్ సీవీ అనే ఆయన 1870ల నుంచి స్టూడియోల కోసం తెరలూ ఫర్నిచర్ ముక్కలూ తయారుచేసి దూరదూరాలకి అమ్మేవాడు. అందుకే వందల మైళ్ళ దూరంలో ఉన్న రెండు ఊళ్ళ ఫోటోల్లో ఒకే సరస్సు కనిపించవచ్చు. ఫ్యాషన్లు కూడా ఉండేవి, 1860ల్లో పిట్టగోడ, స్తంభం, కర్టెన్, తర్వాత మొరటు చెక్క కంచె, చిన్న వంతెన, ఇంకా తర్వాత ఊయల, పడవ, సైకిల్, తాటిచెట్టు. ఇవి పక్కా తేదీలు కావు, ఊళ్ళలో పాత సరుకే చాలాకాలం నడిచేది.

ఇప్పుడు గాజు గదికి ముందున్న గది గురించి, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. మబ్బు పడితే ఆగాలి, ముందున్నవాళ్ళ ప్లేటు పాడైతే ఆగాలి, అంటే ప్రతి స్టూడియోలో జనం గంటలకొద్దీ కూర్చునే చోటు ఒకటి తప్పనిసరి. తెలివైన యజమానులు దాన్ని హాలుగా మార్చారు. ఫోటోగ్రాఫర్ మాథ్యూ బ్రేడీ 1844లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో గ్యాలరీ తెరిచాడు, గోడల నిండా సెనేటర్లు, జనరల్స్, నటీమణుల ఫోటోలు, ఫోటో దిగకపోయినా వచ్చి చూసిపోవచ్చు. టౌన్‌లో చూడాల్సిన చోటుల్లో అదొకటి అయిపోయింది. 1853లో మారిన కొత్త చోట ఆడవాళ్ళకి విడిగా ముస్తాబు గది కూడా పెట్టాడు. పెద్దవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్న మనిషి గాజు గదిలోకి వెళ్ళేసరికి తను ఎలా కూర్చోవాలో నేర్చేసుకుని ఉంటాడు. ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, గోడే చెప్తుంది. 1860 ఫిబ్రవరి 27న, ఇంకా అధ్యక్షుడు కాని అబ్రహం లింకన్ న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ హాల్లో ప్రసంగించిన రోజే బ్రేడీ స్టూడియోకి వచ్చాడు, పొడుగాటి మెడ కనపడకుండా బ్రేడీ కాలర్ పైకి లాగించాడు, స్తంభం పక్కన, పుస్తకాల మీద చెయ్యి పెట్టించి నిలబెట్టాడు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో దేశమంతా తిరిగిన మొహం అది.

పారిస్‌లో నాదార్ అనే ఫోటోగ్రాఫర్ స్టూడియో కూడా అంతే, బూలెవార్ ద కపుసీన్ 35 నంబర్ భవనం, రచయితలూ పెయింటర్లూ సంగీతకారులూ వచ్చి కూర్చుని కబుర్లు చెప్పుకునే అడ్డా. నాదార్ స్తంభాలూ తెరలూ చాలా వరకు తీసిపారేశాడు, ఖాళీ గోడ, పక్కనుంచి వెలుతురు, మొహం, అంతే. దిస్‌దేరి గదిలో హోదా కనిపిస్తుంది, నాదార్ గదిలో మనిషి మాటాడుతున్నట్టుంటాడు, నన్నడిగితే ఆ తేడా వాళ్ళు అక్కడ ఎంతసేపు, ఎవరితో కూర్చున్నారన్న దాంట్లో ఉంది. నాదార్ ఖాళీ చేశాక 1874లో ఇంప్రెషనిస్టు పెయింటర్ల మొదటి ఎగ్జిబిషన్ జరిగింది అదే భవనంలో.

గదిలోకి ఎవరు రావచ్చు, ఎవరి ఎదుట కూర్చోవచ్చు అన్నది ప్రతిచోటా సమస్యే. పరాయి మగవాడు గడ్డం పట్టుకుని తల తిప్పి సర్దడం అనేది చాలా కుటుంబాలకి మింగుడుపడని విషయం. ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో విడిగా పెట్టి ఒక బ్రిటిష్ మహిళకి అప్పగించింది అందుకే, పరదాలో ఉండే ఆడవాళ్ళు ఆడవాళ్ళ మధ్యే ఫోటో దిగేలా. యూరప్‌లో ఆడ ఫోటోగ్రాఫర్లు మొదట్నుంచీ ఉన్నారు, లైప్‌జిగ్‌లో బెర్తా వేనర్ట్ బెక్‌మాన్ 1840ల్లోనే స్టూడియో నడిపింది. తెర వెనక చూస్తే రంగులద్దేవాళ్ళు, ప్రింట్లు అట్టలకి అంటించేవాళ్ళు, పేపర్‌కి కోడిగుడ్డు తెల్లసొన పట్టించేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళ పేర్లు కార్డు వెనక ఎక్కడా ఉండవు.

చవక స్టూడియోల ప్రపంచం వేరు. 1850ల లండన్‌లో పేదల పేటల్లో గుమ్మం ముందు మనుషుల్ని నిలబెట్టి దారిన పోయేవాళ్ళని చెయ్యిపట్టి లోపలికి లాగేవాళ్ళు. తొందర్లో ఫోటో సరిగా రాకపోతే ఇంకెవరిదో ఫోటో అంటగట్టి పంపిన సంగతులు కూడా రికార్డయ్యాయి, తీసుకున్నవాళ్ళు చాలామంది అది తామే అనుకుని సంతోషంగా వెళ్ళారట. అద్దం కూడా సరిగ్గా లేని ఇళ్ళ నుంచి వచ్చారు, తమ మొహం ఫోటోలో ఎలా ఉంటుందో వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

నవ్వు సంగతికి వద్దాం. ఎక్స్‌పోజర్ ఎక్కువ కాబట్టి నవ్వలేదు అనేది సగం నిజం. 1860ల్లో మంచి వెలుతురు ఉన్న రోజు కొద్ది సెకన్లతో పని అయిపోయేది, అయినా నవ్వలేదు. పోర్ట్రెయిట్ అంటే మనిషి మొత్తం జీవితానికి గుర్తు, ఒక్క క్షణానికి కాదు అని అందరి నమ్మకం, పెయింటింగుల్లో కూడా పళ్ళు కనపడేలా నవ్వేది తాగుబోతులూ విదూషకులూ పిల్లలే. కొందరికి ఇంకా బలమైన కారణాలున్నాయి. ఫ్రెడరిక్ డగ్లస్ బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చినవాడు, 19వ శతాబ్దంలో అమెరికాలో అందరికంటే ఎక్కువగా ఫోటో తీయించుకున్న మనిషి, ఇప్పటికి దొరికినవే 160 దాకా ఉన్నాయి. నల్లవాళ్ళని పళ్ళికిలించే బొమ్మలుగా గీసి అమ్మే రోజుల్లో ఆయన కెమెరా వైపు సూటిగా, దాదాపు ఎప్పుడూ చిరునవ్వు లేకుండా చూశాడు, కావాలనే. సోజర్నర్ ట్రూత్ కూడా అంతే, 1864లో తన కార్డుల మీద కాపీరైట్ తన పేరుతోనే తీసుకుని, అవి అమ్మి ఆ డబ్బుతో బానిసత్వానికి వ్యతిరేకంగా ప్రచారం చేసింది. శాలువా, కళ్ళద్దాలు, ఒళ్ళో అల్లిక ఊలు, పక్కన టేబుల్ మీద పుస్తకం, పూలు. ఆ స్టూడియో సామానంతా గౌరవనీయమైన మధ్యతరగతి గృహిణి సామాను, దాని మధ్యలో ఒకప్పుడు మనిషిగా కాక సరుకుగా అమ్ముడుపోయిన స్త్రీ తను ఎలా కనపడాలో తనే తేల్చుకుని కూర్చుంది. అరిగిపోయిన ప్రాప్స్ అనుకుంటాం గానీ అవి ఎవరి చేతిలో ఉన్నాయన్న దాన్ని బట్టి అర్థం పూర్తిగా మారిపోతుంది. జపాన్‌లో నాగసాకిలో ఉఎనో హికోమా 1862లో పెట్టిన స్టూడియోలో సకమోతో ర్యోమా అనే సమురాయ్ ఒక ఎత్తుబల్లకి ఆనుకుని, కత్తితో పాటు పాశ్చాత్య బూట్లు వేసుకుని నిలబడ్డ ఫోటో కూడా ఇలాంటిదే.

పసిపిల్లల ఫోటోల్లో ఇంకోటి గమనించండి. బిడ్డ వెనక కుర్చీ మీద గుడ్డ కప్పినట్టుంటుంది, ఆ గుడ్డకి భుజాల ఆకారం ఉంటుంది, ఒక్కోసారి పక్కనుంచి చెయ్యి కూడా కనిపిస్తుంది. అది తల్లో ఆయానో, బిడ్డ కదలకుండా పట్టుకుని దుప్పటి కప్పుకుని కూర్చుంది. ప్రింట్‌కి గుండ్రటి ఫ్రేము వేస్తే ఆ మనిషి కనపడదని లెక్క. ఫ్రేము తీసిచూస్తే అక్కడే ఉంటుంది.

మరి ఇదంతా తయారుచేసింది ఎవరి పని, కెమెరా నొక్కినవాడిదా గది అమర్చినవాడిదా? దీనికి కోర్టు తీర్పే ఉంది. న్యూయార్క్‌లో ఫోటోగ్రాఫర్ నెపోలియన్ సరోనీ 1882లో రచయిత ఆస్కార్ వైల్డ్ ఫోటోలు తీశాడు, ఒక లిథోగ్రాఫ్ (రాతి అచ్చు) కంపెనీ వాటిలో ఒకటి కాపీకొట్టి అమ్ముకుంది. ఫోటో అనేది యంత్రం చేసిన నకలు, దానికి కర్త ఎవరూ ఉండరు అని వాళ్ళ వాదన. 1884లో అమెరికా సుప్రీంకోర్టు సరోనీ వైపు తీర్పిచ్చింది, కారణం ఏం చెప్పిందంటే పోజు పెట్టించడం, బట్టలూ తెరలూ వస్తువులూ ఎంచి సర్దడం, వెలుగునీడలు అమర్చడం, మొహంలో భావం రప్పించడం, ఇవన్నీ సరోనీ ఆలోచనలోంచి వచ్చాయి కాబట్టి అది ఆయన సృష్టే అని. సరోనీ స్టూడియోలో కెమెరా దగ్గర ఉండేది మామూలుగా అసిస్టెంటే. అంటే కోర్టు దృష్టిలో కూడా ఫోటో అంటే ఆ గదిలో జరిగిన అమరికే.

1870ల చివర్లో డ్రై ప్లేట్లు, అంటే ముందే తయారుచేసి పొడిగా అమ్మే ప్లేట్లు, మార్కెట్లోకి వచ్చాక పక్కనే డార్క్‌రూమ్ ఉండాల్సిన అవసరం పోయింది, ఎక్స్‌పోజర్ సెకనులో వంతులకి వచ్చింది, తర్వాత కరెంటు దీపాలు రావడంతో మేడ మీద గాజు కప్పూ అక్కర్లేకపోయింది, స్టూడియోలు మెల్లగా కిందికి దిగాయి. 1888లో కొడాక్ చేతి కెమెరా వచ్చాక ఫోటో ఇంట్లోకీ వీధిలోకీ వెళ్ళిపోయింది. విచిత్రం ఏంటంటే, అవసరం తీరిపోయాక కూడా స్తంభం, తెర, కుర్చీ ఇంకో అరవై డెబ్భై ఏళ్ళు స్టూడియోల్ని వదల్లేదు. జనమే వాటిని వదలనివ్వలేదు.

మీ దగ్గర పాత కార్డులుంటే ఇలా మొదలుపెట్టండి. ముందు వెనక్కి తిప్పండి, స్టూడియో పేరు, అడ్రస్ ఉంటే ఆ అడ్రస్‌లో అది ఏయే సంవత్సరాల్లో ఉందో పాత డైరెక్టరీల్లో వెతకొచ్చు. ఒక నంబర్ చేత్తో రాసి ఉంటే అది నెగెటివ్ నంబర్, మళ్ళీ కాపీలు కావాలంటే ఆ నంబర్ చెప్పాలి, స్టూడియోలు నెగెటివ్‌లు భద్రంగా దాచేవి. లండన్‌లో కమీల్ సిల్వీ స్టూడియో రిజిస్టర్లు మిగిలాయి, సుమారు 17,000 సిట్టింగుల ప్రింట్లు నంబర్లతో సహా నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో ఉన్నాయి, నంబర్‌తో మనిషి పేరు దొరికే అదృష్టం అలాంటి చోటే. అమెరికా కార్డు వెనక పన్ను స్టాంపు అంటించి ఉంటే అది 1864 సెప్టెంబర్‌కీ 1866 ఆగస్టుకీ మధ్య అమ్మింది. పల్చటి అట్ట, చదరపు మూలలు ఎక్కువగా 1860లవి, మందమైన అట్ట, గుండ్రటి మూలలు తర్వాతవి. సుమారు 108×165 మిల్లీమీటర్ల పెద్ద కార్డు అయితే క్యాబినెట్ కార్డు, 1866 ముందు ఉండదు. పేరు లేని కార్డు అయితే కుర్చీ కుచ్చులు, కార్పెట్ డిజైన్, తెర మీద చెట్టు కొమ్మ వంపు ఫోటో తీసి పెట్టుకోండి, పేరున్న ఇంకో కార్డులో అదే కార్పెట్ ఏదో ఒక రోజు కనిపిస్తుంది, అప్పుడు స్టూడియో దొరికినట్టే. మొహాలు పోల్చి మనిషిని గుర్తుపట్టడానికి మాత్రం తొందరపడకండి, అక్కడ పొరపాట్లు చాలా ఎక్కువ. మీరు చెప్పిన ఆ స్టాండు కనిపించే ఫోటో స్కాన్ చేస్తే వెనకవైపు కూడా స్కాన్ చేసి పెట్టండి, చూసి చెప్తాను.